అగ్రరాజ్యాల అపనమ్మకం: మూడుకీ ఏడుకీ మధ్య

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి ఎనభై యేళ్ళు దాటింది. ఆ యుద్ధంలో ఒకే పక్షాన నిలిచి హిట్లర్‌ను ఓడించిన అమెరికా, రష్యాలు ఆ తర్వాత మిత్రులుగా మిగలలేదు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైపోయింది. క్రెమ్లిన్ మీద జెండా మారింది. అయినా వైరం చావలేదు. వాళ్ళు కేవలం సిద్ధాంతాల కోసమే కొట్లాడారన్నది నిజమైతే, సిద్ధాంతం పోయినప్పుడు కొట్లాట కూడా పోవాలి గదా! పోలేదంటే దాని వేళ్ళు ఇంకా లోతుగా ఎక్కడో వున్నాయన్నమాట. ఆ వేళ్ళలో కొన్నింటిని పరిశీలించడమే యీ వ్యాసం వుద్దేశం.

నేను రాజనీతిశాస్త్రం చదివేవాణ్ణి కాను, బి.ఎస్సీ. విద్యార్థిని. సైన్సు వాళ్ళకి యీ గొడవెందుకని మిత్రులు అడగవచ్చు. యీ వైరంలో పెద్ద మలుపులన్నిటి వెనకా సైన్సు వుంది. బాంబు తయారు చేసింది సైన్సు. దాని బూడిద ఎంత ప్రమాదమో చెప్పింది సైన్సు. దొంగతనంగా పేలిస్తే పట్టుకోగల సాధనాన్ని ఇచ్చిందీ సైన్సే. అయినా ఒప్పందం ఎందుకు కుదరలేదో మాత్రం సైన్సు ఒక్కటే చెప్పలేదు. అందుకే యీ రెండు కొసలూ కలిపి చూడాలనిపించింది.

ఒకే సంవత్సరం, రెండు దెబ్బలు

1941 సంవత్సరాన్ని ముందు గుర్తు పెట్టుకోవాలి. ఆ యేడు జూన్ 22న జర్మనీ, యుద్ధం చేయబోమని రాసుకున్న ఒడంబడికను తుంగలో తొక్కి సోవియట్ భూభాగం మీద పడింది. అదే యేడు డిసెంబరు 7న జపాన్ విమానాలు పెర్ల్ హార్బర్‌లోని అమెరికా నౌకాదళం మీద పడ్డాయి. రెండూ చెప్పకుండా వచ్చిన దెబ్బలే. కానీ రెండు దేశాలూ వాటినుంచి నేర్చుకున్న పాఠాలు వేరు.

రష్యాకు పడమటి వైపు కొండలు లేవు, సముద్రం లేదు. వున్నదంతా చదునైన నేల. 1812లో నెపోలియన్ వచ్చింది ఆ దారినే, 1914లోనూ 1941లోనూ జర్మన్లు వచ్చింది ఆ వైపునుంచే. చివరి యుద్ధంలో సోవియట్లు సుమారు 2 కోట్ల 70 లక్షల మందిని పోగొట్టుకున్నారు. కాబట్టి వాళ్ళు నేర్చుకున్న పాఠం: శత్రువుకూ మనకూ నడుమ వీలైనంత నేల వుండాలి, మన ఇంట్లో ఏముందో బయటివాడికి తెలియకూడదు. దూరం, గోప్యత - యీ రెండే వాళ్ళ కోటగోడలు.

అమెరికాకు రెండు పక్కలా మహాసముద్రాలు. అంత నీళ్ళు అడ్డం వున్నా దెబ్బ తప్పలేదు. కాబట్టి వాళ్ళ పాఠం వేరు: ఎదుటివాడు ఏం చేస్తున్నాడో ముందే తెలియాలి, కనిపెట్టి వుండాలి. అంటే ఒకరికి రక్షణ దాచడంలో వుంది, ఇంకొకరికి చూడడంలో వుంది. ఒకరి రక్షణ ఇంకొకరికి ప్రమాదంగా కనబడడం ఇక్కడే మొదలైంది. సిద్ధాంతం యీ భయానికి భాష ఇచ్చింది. 1917 విప్లవం తర్వాత పాశ్చాత్య సైన్యాలు రష్యా అంతర్యుద్ధంలో వేలు పెట్టాయి. సోవియట్ ప్రభుత్వాన్ని అమెరికా గుర్తించింది 1933లో మాత్రమే. కనుక పాత అనుమానాలు వుండనే వున్నాయి.

యుద్ధం ముగియగానే సోవియట్ సైన్యం తూర్పు యూరపులో నిలిచిపోయింది. మాస్కో దృష్టిలో అది కంచె. వాషింగ్టన్ దృష్టిలో అది ఆక్రమణ. పోలండ్, హంగేరీ, చెకొస్లొవేకియా ప్రజల దృష్టిలో అది ఏమిటో 1956లోనూ 1968లోనూ వీధుల్లోకి వచ్చిన టాంకులు చెప్పాయి. 1948 జూన్‌లో బెర్లిన్ దిగ్బంధం, 1949 ఏప్రిల్‌లో నాటో, 1955 మేలో వార్సా ఒడంబడిక - ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మా వైపు పొలాల మధ్య గెనిమ తగాదాలు ఇలాగే ముదురుతాయి. వాన నీళ్ళు రాకుండా ఒకడు తన గెనిమ జానెడు ఎత్తు చేస్తాడు. ఆ నీళ్ళు పక్కవాడి చేలోకి పోతాయి. వాడు మూరెడు ఎత్తు చేస్తాడు. ఇద్దరిలో ఎవణ్ణి అడిగినా, నా పంట నేను కాపాడుకుంటున్నాను అనే చెబుతాడు. అబద్ధం కూడా కాదు!

బాంబు రాక

1945 జూలై 16న న్యూ మెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబును పేల్చారు. మర్నాడే జర్మనీలోని పోట్స్‌డామ్‌లో మిత్రరాజ్యాల సమావేశం మొదలైంది. జూలై 24న ట్రూమన్ స్టాలిన్‌తో, మా దగ్గర చాలా శక్తిమంతమైన కొత్త ఆయుధం వుందని పైపైన చెప్పాడు. స్టాలిన్ పెద్దగా ఆశ్చర్యం చూపలేదు. గూఢచారుల ద్వారా ఆయనకు సంగతి ముందే తెలుసు. మిత్రుడు దాచాడనీ వీళ్ళకు తెలుసు, దాచినదాన్ని వీళ్ళు దొంగిలించారనీ కొన్నాళ్ళకు వాళ్ళకు తెలిసింది. అణుయుగం యీ విధంగా అపనమ్మకంతోనే పుట్టింది. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. నాలుగేళ్ళు దాటగానే, 1949 ఆగస్టు 29న సోవియట్ బాంబు కూడా పేలింది.

ఆ తర్వాత హైడ్రోజన్ బాంబులు. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవిలో పేల్చిన బాంబు లెక్క ప్రకారం 6 మెగాటన్నుల దగ్గర వుండాలి. వచ్చింది 15 మెగాటన్నులు! లిథియం-7 ఐసోటోపు చర్యలో పాల్గొనదని శాస్త్రజ్ఞులు వేసిన అంచనా తప్పింది. హిరోషిమా బాంబు సుమారు 15 కిలోటన్నులు. అంటే ఇది దానికి వెయ్యి రెట్లు. ఆ బూడిద దూరాన చేపలు పడుతున్న ఒక జపాన్ పడవ మీద కురిసింది. అందులోని 23 మందికీ జబ్బు చేసింది, ఒకరు ఆ సెప్టెంబరులో మరణించారు. ఆ సంఘటన తర్వాత, 1954 ఏప్రిల్ 2న, మన ప్రధాని నెహ్రూ లోక్‌సభలో పరీక్షలను నిలుపుదల చేయాలని కోరారు. ఏ కూటమిలోనూ చేరని ఒక దేశం అగ్రరాజ్యాలకు చెప్పిన మాట అది.

ఆవర్తన పట్టికలో ఒక మెట్టు కింద

పరీక్షల బూడిదలో స్ట్రాన్షియం-90 అనే పదార్థం వుంటుంది. దాని అర్ధాయువు సుమారు 29 సంవత్సరాలు. ఇంటర్మీడియెట్‌లో మనమందరం కంఠతా పట్టిన ఆవర్తన పట్టికలో రెండవ గ్రూపు గుర్తు చేసుకోండి. కాల్షియం కింది గడిలో స్ట్రాన్షియం వుంటుంది. ఒకే గ్రూపు మూలకాలు ఒకే రకంగా ప్రవర్తిస్తాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. శరీరం కూడా ఆ సూత్రాన్నే పాటిస్తుంది. గాలిలోని బూడిద వానతో గడ్డి మీద పడుతుంది. గడ్డి ఆవు తింటుంది. పాలు బిడ్డ తాగుతుంది. కాల్షియమే అనుకుని ఎముక దాన్ని పట్టి వుంచుకుంటుంది.

అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో 1958 నుంచి పిల్లల వూడిన పాలపళ్ళను సేకరించి పరీక్షించారు. పరీక్షలు ముమ్మరమైన కాలంలో పుట్టిన పిల్లల పళ్ళలో స్ట్రాన్షియం-90 అంతకు ముందు పుట్టినవాళ్ళకన్నా ఎన్నో రెట్లు పెరిగింది. పాడి వున్న ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక యీ సంగతి చదివినప్పుడు నాకు బాంబు కన్నా గడ్డిపోచే ఎక్కువ భయం పుట్టించింది. బాంబు పడే వూరేదో ఎవరో నిర్ణయిస్తారు. వాన ఎక్కడ పడాలో నిర్ణయించేవాళ్ళు ఎవరూ లేరు.

భూమి లోపలి చప్పుడు

ప్రజల ఆందోళన పెరిగాక, పరీక్షలు ఆపుదామన్న మాట రెండు పక్షాలా వచ్చింది. ఆకాశంలో పేల్చినదాన్ని దాచలేరు, బూడిద పట్టిస్తుంది. మరి భూగర్భంలో పేలిస్తే? 1957 సెప్టెంబరులో అమెరికా నెవాడాలో అటువంటి పరీక్షను జరిపి చూసింది. అది 1.7 కిలోటన్నులది. బయటికి ఏమీ రాలేదు. కానీ భూమి కదిలింది.

ఇక్కడ భూకంపశాస్త్రం రంగంలోకి వచ్చింది. పేలుడు చుట్టూ వున్న రాతిని అన్ని వైపులకూ ఒకే తీరుగా బయటికి నెడుతుంది. భూకంపం అలా కాదు. రెండు రాతి పొరలు ఒకదానిమీద ఒకటి జారడం వల్ల పుడుతుంది గనుక, కొన్ని దిక్కులకు నెట్టు, కొన్ని దిక్కులకు లాగు కనబడతాయి. అదీగాక పేలుడులో లోపలగా ప్రయాణించే తరంగాలతో పోలిస్తే నేల పైపొరలో నడిచే తరంగాలు బలహీనంగా వుంటాయి. సూత్రం తేలికే. చిక్కంతా చిన్న చప్పుళ్ళతోనే. చిన్న కంపాలలో యీ తేడాలు నేల మామూలుగా చేసే సందడిలో కలిసిపోతాయి.

1958 వేసవిలో జెనీవాలో రెండు కూటముల శాస్త్రజ్ఞులూ కూర్చున్నారు. ప్రపంచమంతటా భూమి మీద, ఓడల మీద కలిపి సుమారు 180 పరిశీలన కేంద్రాలు పెడితే సరిపోతుందని అభిప్రాయానికి వచ్చారు. రాజకీయం తేల్చలేనిదాన్ని సైన్సు తేల్చిందని లోకం సంతోషించింది. ఆ సంవత్సరాంతాన పరీక్షలను తాత్కాలికంగా ఆపారు కూడా. కానీ కొత్త కొలతలు వచ్చిన కొద్దీ అనుమానాలు పెరిగాయి. పెద్ద గుహ తవ్వి అందులో పేలిస్తే చప్పుడు ఎన్నో రెట్లు తగ్గుతుందన్న వాదం ఒకటి వచ్చింది. 1960 మే 1న సోవియట్ గగనతలంలో అమెరికా గూఢచారి విమానం యు-2 కూలింది. 1961 సెప్టెంబరు 1న సోవియట్లు పరీక్షలు తిరిగి మొదలుపెట్టారు. అక్టోబరు 30న వాళ్ళు పేల్చిన బాంబు సుమారు 50 మెగాటన్నులు. అంతకన్నా పెద్దది ఇంతవరకు ఎవరూ పేల్చలేదు.

మూడా? ఏడా?

1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల సంక్షోభం వచ్చింది. ప్రపంచం అణుయుద్ధం అంచుదాకా పోయి వెనక్కి వచ్చింది. భయపడినవాళ్ళు ఇద్దరూ మళ్ళీ కాగితాలు ముందు వేసుకున్నారు. అనుమానం కలిగించిన కంపం ఎక్కడైనా కనబడితే, అక్కడికి స్వయంగా వెళ్ళి చూసే హక్కు వుండాలని అమెరికా మొదటినుంచీ అడుగుతోంది. ఎన్నిసార్లు? మొదట యేడాదికి ఇరవై దాకా అన్నది, తగ్గుతూ తగ్గుతూ ఏడుకు దిగింది. 1962 డిసెంబరులో క్రుశ్చేవ్ కెనడీకి రాసిన వుత్తరంలో రెండో మూడో ఒప్పుకుంటామన్నాడు. అమెరికా ప్రతినిధి మాటలనుబట్టి రెండు నుంచి నాలుగు చాలని సోవియట్లు అర్థం చేసుకున్నారు. మేమలా అనలేదని అమెరికా అన్నది.

మూడు దగ్గర వాళ్ళు, ఏడు దగ్గర వీళ్ళు ఆగిపోయారు. తేడా యేడాదికి నాలుగు ప్రయాణాలు!

అంకెలు చూస్తే పిల్లల బేరంలా వుంటుంది. కానీ అంకెల వెనక 1941 వుంది. సోవియట్లకు తనిఖీ అంటే గూఢచర్యం. దాచుకోవడమే రక్షణ అనుకున్నవాడి ఇంటి తలుపు తట్టడం. అమెరికాకు తనిఖీ లేకపోవడం అంటే ఇంకొక పెర్ల్ హార్బర్. అదీగాక ఒడంబడికకు అమెరికా సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. రష్యాను నమ్మాడన్న నింద కెనడీ మోయలేడు. క్రుశ్చేవ్‌కు ఇంట సైన్యాధికారులు, బయట చైనా. లొంగిపోయాడన్న మాట ఆయనా పడలేడు. ఇద్దరికీ ఎదుటి పక్షం కన్నా సొంత పక్షమే ఎక్కువ భయం.

చివరికి 1963 ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ పాక్షిక నిషేధ ఒడంబడికపై సంతకాలు చేశాయి. గాలిలో, అంతరిక్షంలో, నీటి అడుగున పరీక్షలు వద్దు. భూగర్భం మాత్రం మినహాయింపు. భారతదేశం కూడా వెంటనే దానిలో చేరింది. బూడిద తగ్గింది, పాలు శుభ్రపడ్డాయి. అది చిన్న విజయం కాదు. అయితే భూగర్భ పరీక్షలు సోవియట్లు 1990 వరకూ, అమెరికా 1992 వరకూ కొనసాగించాయి. 1945 నుంచి అన్ని దేశాలవీ కలిపి చూస్తే పరీక్షల సంఖ్య 2,000 దాటింది. ఆ పరీక్షల మీద కొత్త కొత్త రకాల బాంబులు పుట్టాయి. 1986 ప్రాంతానికి లోకంలో వున్న అణ్వాయుధాలు సుమారు 70,000.

సాధ్యం కాదన్నది సాధ్యమైంది

అపనమ్మకం విధి రాత అనుకుంటే వ్యాసాన్ని ఇక్కడ ఆపేయవచ్చు. కానీ చరిత్ర అలా ఆగలేదు. 1985 ఆగస్టులో గోర్బచేవ్ పరీక్షలను ఏకపక్షంగా ఆపాడు. 1986లో ప్రభుత్వంతో సంబంధం లేని అమెరికా శాస్త్రజ్ఞులు, సోవియట్ సైన్సెస్ అకాడమీ వాళ్ళతో కలిసి సెమిపలాటిన్‌స్క్ పరీక్షాస్థలం దగ్గరలోనే భూకంపమాపకాలు పెట్టారు. 1987 డిసెంబరు 8న రీగన్, గోర్బచేవ్‌లు మధ్యదూర క్షిపణుల ఒడంబడికపై సంతకం చేశారు. దాని కింద రెండు దేశాలూ కలిపి 2,692 క్షిపణులను ధ్వంసం చేశాయి. అమెరికా తనిఖీదార్లు రష్యాలోని వోట్కిన్‌స్క్ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపురం వున్నారు. సోవియట్ తనిఖీదార్లు అమెరికాలోని యూటాలో వున్నారు. 1988 ఆగస్టు, సెప్టెంబరులలో ఒకరి పరీక్షాస్థలానికి ఒకరు వెళ్ళి, సొంత పరికరాలతో ఎదుటివాడి పేలుడును కొలుచుకున్నారు.

1963లో యేడాదికి నాలుగు తనిఖీల తేడా దగ్గర ఆగిపోయినవాళ్ళే పాతికేళ్ళకు ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు! ఆ మధ్యకాలంలో భౌతికశాస్త్ర సూత్రాలేమీ మారలేదు. పరికరాలు మెరుగుపడ్డాయి నిజమే. ముఖ్యంగా మారినది, తన గుట్టు కొంత బయటపడినా తన దేశం కూలిపోదని ఒక ప్రభుత్వం అనుకోగలగడం. పొలం హద్దు మీద తగవు పడ్డవాళ్ళు సర్వేయరు వచ్చినంత మాత్రాన మిత్రులైపోరు. కాకపోతే ఇద్దరూ గొలుసు పట్టడానికి ఒప్పుకున్న రోజున కర్రలు కింద పెడతారు.

మళ్ళీ వెనక్కి

ఆ గొలుసు ఇప్పుడు తెగుతోంది. క్షిపణి నిరోధక వ్యవస్థలపై 1972లో చేసుకున్న ఒడంబడిక నుంచి అమెరికా 2002లో తప్పుకున్నది. నాటో కూటమి 1999లోనూ 2004లోనూ తూర్పుకు జరిగింది. 2008లో బుఖారెస్ట్ సమావేశం ఉక్రెయిన్, జార్జియాలు ఎప్పటికైనా సభ్యులవుతాయని ప్రకటించింది. రష్యాకు ఇది పాత దారి మళ్ళీ తెరుచుకోవడంలా కనబడింది. పోలండ్, బాల్టిక్ దేశాలకు మాత్రం పాత టాంకులు మళ్ళీ రాకుండా వేసుకున్న గడియ అది. 2014లో రష్యా క్రిమియాను కలుపుకున్నది, 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద పూర్తి స్థాయి దాడికి దిగింది. భయాన్ని అర్థం చేసుకోవడం వేరు, దండయాత్రను సమర్థించడం వేరు. పక్కవాడంటే భయమని పక్కవాడి చేను దున్నుకునే హక్కు ఎవరికీ లేదు. దాని ఫలితమూ ఎదురు తిరిగింది. ఫిన్లాండ్ 2023లో, స్వీడన్ 2024లో నాటోలో చేరాయి.

మధ్యదూర క్షిపణుల ఒడంబడిక 2019 ఆగస్టులో రద్దయింది. మోహరించిన వ్యూహాత్మక అణుశీర్షాలను చెరి 1,550కి పరిమితం చేసిన 2010 నాటి ఒడంబడిక తనిఖీలు కోవిడ్ వల్ల 2020 మార్చిలో ఆగాయి. అవి తిరిగి మొదలుకాకుండానే 2023 ఫిబ్రవరిలో రష్యా అందులో పాల్గొనడం నిలిపివేసింది. ఆ ఒడంబడిక గడువు 2026 ఫిబ్రవరి 5వ తేదీ వరకే. భూగర్భ పరీక్షలను కూడా నిషేధిస్తూ 1996లో వచ్చిన సమగ్ర ఒడంబడికను అమెరికా సంతకం చేసి ఆమోదించలేదు. రష్యా 2000లో ఆమోదించి 2023 నవంబరులో ఆమోదాన్ని వెనక్కి తీసుకున్నది. 1974లోనూ 1998లోనూ పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపిన మన దేశం కూడా దానిమీద సంతకం చేయలేదు. ఆయుధాలను పూర్తిగా తొలగించే గడువు అందులో లేదన్నది మన ప్రభుత్వ వాదన. 1954లో నిలుపుదల కోరినవాళ్ళం మనమే గనుక, యీ వాదనను విద్యార్థులు తమంతట తాము తూచి చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మన ఇంటిదాకా

ఇదంతా యూరపు గొడవ అనుకునేవాళ్ళకు ఒక మాట. మా చేలో వేసే పొటాష్‌లో దాదాపు అంతా విదేశాలదే. రష్యా, బెలారుస్‌లు దానికి పెద్ద వనరులు. మన అంగళ్ళలో పొద్దుతిరుగుడు నూనె యుద్ధానికి ముందు ఎక్కువగా ఉక్రెయిన్ నుంచి వచ్చేది. 2022లో రెండింటి ధరలూ లోకమంతటా ఎగిశాయి. అక్కడ వైద్యం చదువుతున్న మన తెలుగు పిల్లలు ఎందరో బంకర్లలో తలదాచుకుని, ఆపరేషన్ గంగ విమానాలలో ఇళ్ళకు చేరారు. అటు అగ్రరాజ్యాల రైతు కూడా తప్పించుకోలేదు. అఫ్ఘానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం వెళ్ళినందుకు 1980 జనవరిలో కార్టర్ 1 కోటి 70 లక్షల టన్నుల ధాన్యం అమ్మకాన్ని ఆపేశాడు. సోవియట్లు వేరేచోట కొనుక్కున్నారు. నష్టపోయామని గోల పెట్టింది అమెరికా రైతులు. 1981 ఏప్రిల్‌లో రీగన్ ఆ నిషేధాన్ని ఎత్తేశాడు.

సైన్సు విద్యార్థి మిత్రులకు చివరిగా ఒక సంగతి. మా హిందూపురం పక్కనే, సరిహద్దు దాటగానే కర్ణాటకలో గౌరీబిదనూరు వుంది. భూగర్భ అణు పేలుళ్ళను గుర్తించడానికి 1960లలో బ్రిటన్ సహకారంతో మన అణుశక్తి శాఖ అక్కడ భూకంపమాపకాలను వరుసలుగా అమర్చింది. మేకలు మేసే ఆ రాతినేల కింది పరికరాలు వేల మైళ్ళ దూరాన జరిగిన పేలుళ్ళను విన్నాయి. మూడుకీ ఏడుకీ మధ్య వున్న ఖాళీని పూడ్చేందుకు శాస్త్రజ్ఞులు చేసిన పని అటువంటిది. పరికరం బాగుపడిన కొద్దీ, ఎదుటివాడి మాట నమ్మవలసిన అవసరం తగ్గుతుంది, వెళ్ళి చూడవలసిన సార్లు తగ్గుతాయి, బేరం తేలికవుతుంది. బాంబు చేసినవాళ్ళ పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో వున్నాయి. దాన్ని పట్టుకునే విద్య నేర్చినవాళ్ళ పేర్లు లేవు. మనలో ఎవరైనా యం.ఎస్సీ.కి భూభౌతికశాస్త్రం తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తూ వుంటే, యీ మాట కూడా లెక్కలో వేసుకోవాలని నా మనవి.